లిక్విడ్ కూల్డ్ బండికి ఏ కూలెంట్? రంగు కాదు, లేబుల్ చూసి కొనండి

మార్చి వచ్చిందంటే నాకు ఒకటే ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, డబ్బాలో కూలెంట్ తగ్గింది. పచ్చది పొయ్యాలా, ఎర్రది పొయ్యాలా?" హన్మకొండ నుంచి ఒకరు అడుగుతారు, జమ్మికుంట నుంచి ఇంకొకరు, గోదావరిఖని నుంచి మరొకరు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్తుంటే ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. కూలెంట్ అంటే ఇంజిన్‌లో తిరుగుతూ దాని వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లే ద్రవం. దాంతో చల్లబడే బండే లిక్విడ్ కూల్డ్.

పచ్చదా, ఎర్రదా అన్న దగ్గరే పొరపాటు మొదలవుతుంది. రంగు అనేది కంపెనీ కలిపే డై మాత్రమే. ఫలానా రకానికి ఫలానా రంగు ఉండాలని అందరూ పాటించే నియమం ఏదీ లేదు. పక్కపక్కన ఉన్న రెండు పచ్చ డబ్బాల్లో రెండు వేర్వేరు రకాల మందులు ఉండొచ్చు. ఒక పచ్చ డబ్బా, ఒక ఎర్ర డబ్బా లోపల ఒకే రకం కూడా కావచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నా 200 సీసీ బండిని నేనే పాడు చేసుకున్నాను. ఒక ఎండాకాలం రిజర్వాయర్‌లో, అంటే అదనపు కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, లెవెల్ తగ్గుతూ వచ్చింది. నీళ్లే కదా అని ఇంటి బోరు నీళ్లు పోశాను. మళ్లీ తగ్గింది, మళ్లీ పోశాను. ఎక్కడ కారుతుందో చూడాలన్న ఆలోచనే రాలేదు. మరుసటి ఎండాకాలానికి హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, మీటర్‌లో టెంపరేచర్ గీతలు పైకి లేచేవి. ఒకరోజు పొద్దున రేడియేటర్ మూత తీసి చూశాను. మూతి లోపలి అంచంతా తెల్లటి పొర. బాత్‌రూమ్‌లో వాటర్ హీటర్ రాడ్‌కు పడుతుంది చూడండి, అచ్చం అదే. గోటితో గీకితే సుద్దపొడిలా రాలింది. కింద ఉన్నది పచ్చ కూలెంట్ కాదు, చెరువు అడుగు నీళ్లలా మట్టి రంగు. వాటర్ పంప్ కింద చిన్న రంధ్రం నుంచి చుక్క చుక్క కారుతూ ఉంది. సీల్ పోయింది. రేడియేటర్ మార్చాల్సి వచ్చింది, పంప్ సీల్ మార్చాల్సి వచ్చింది. ఒక లీటరు సరైన కూలెంట్, ఒక డబ్బా డిస్టిల్డ్ వాటర్ కొనుంటే తప్పిపోయే ఖర్చు అది.

ముందు మీ బండి సంగతి చూసుకోండి

ముందు రేడియేటర్ కనిపిస్తే చాలు, లిక్విడ్ కూల్డ్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పల్సర్ 220, అపాచీ ఆర్‌టీఆర్ 200 4వీ, జిక్సర్ 250 లాంటివి ఆయిల్ కూల్డ్. వాటి ముందు ఉన్న చిన్న రేడియేటర్‌లో తిరిగేది ఇంజిన్ ఆయిలే. వాటికి కూలెంట్ పొయ్యాల్సిన చోటే ఉండదు. దయచేసి ఆయిల్ పోసే మూత తీసి అందులో పొయ్యకండి. డ్యూక్ 200, 390, పల్సర్ ఎన్ఎస్200, డామినార్ 400, ఆర్15, ఎంటీ15, హిమాలయన్ 450, స్పీడ్ 400, ఏరాక్స్ 155 స్కూటర్, ఇవన్నీ లిక్విడ్ కూల్డ్. పాత హిమాలయన్ 411 కాదు.

గుర్తు ఏంటంటే, లిక్విడ్ కూల్డ్ బండికి 'లో', 'ఫుల్' గీతలున్న ప్లాస్టిక్ రిజర్వాయర్ డబ్బా ఒకటి తప్పకుండా ఉంటుంది.

కావాల్సినవి

- బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్. పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది.
- కూలెంట్. చిన్న బండ్లకు అర లీటరు నుంచి పెద్దవాటికి లీటరున్నర వరకు పడుతుంది. ఖచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది.
- 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ లేదా డీఎం (లవణాలు తీసేసిన) వాటర్ క్యాన్. బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది.
- డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్.
- గరాటు, వెడల్పాటి టబ్బు, పానాలు, చేతి గ్లౌజులు, పాత గుడ్డ.
- వంటింటి డిజిటల్ కాటా. ఎందుకో కింద చెప్తాను.

రెండు హెచ్చరికలు, వీటిని దాటవేయకండి

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యొద్దు. లోపల ప్రెషర్ ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో మరిగే ద్రవం మీ ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. రాత్రంతా ఆపి ఉంచిన బండి మీద పొద్దున్నే పని పెట్టుకోండి.

రెండోది నన్ను ఎక్కువ భయపెట్టేది. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా తియ్యగా ఉంటుంది. మిగిలిన కూలెంట్‌ను కూల్ డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఎండకు ఆడుకుని వచ్చిన పిల్లలకు ఆ పచ్చ నీళ్లు షర్బత్‌లా కనిపిస్తాయి. కొద్దిగా తాగినా కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం పోవచ్చు. ఎవరైనా తాగారని అనుమానం వచ్చినా సరే, లక్షణాల కోసం ఎదురు చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి. నేల మీద పడ్డది కుక్కలు నాకుతాయి, కాబట్టి నీళ్లు పోసి గుడ్డతో తుడిచేయండి. పాత కూలెంట్‌ను మోరీలో పారబోయకండి. మూత ఉన్న క్యాన్‌లో పోసి, పాత ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో తీసుకుంటారేమో అడిగి అక్కడ ఇవ్వండి.

1. మాన్యువల్‌లో ఏం రాశారో చదవండి

కూలెంట్ పేజీలో మూడు విషయాలు వెతకండి: ఏ రకం, నీళ్లతో ఎంత నిష్పత్తి, ఎన్నాళ్లకు మార్చాలి. ఎక్కువ బండ్లకు ఉండేది ఇది: ఇథిలీన్ గ్లైకాల్ ఆధారిత కూలెంట్, అల్యూమినియం ఇంజిన్లకు సరిపోయే తుప్పు నిరోధకాలతో, 50:50 నిష్పత్తిలో. హోండా లాంటి కంపెనీలు సిలికేట్ (ఒక రకం తుప్పు నిరోధకం) లేనిదే వాడమంటాయి. వాటర్ పంప్ సీల్ సిలికేట్ వల్ల అరిగే అవకాశం ఉంటుందని దాని వెనక కారణం.

2. షాపులో లేబుల్ చదవండి

డబ్బా చేతికి తీసుకుని ఇవి చూడండి.

రెడీ టు యూజా, కాన్సెంట్రేటా? రెడీ టు యూజ్ అయితే నేరుగా పొయ్యాలి, ఒక్క చుక్క నీరు కలపొద్దు. కాన్సెంట్రేట్ అయితే లేబుల్ చెప్పిన లెక్కలో డిస్టిల్డ్ వాటర్ కలపాలి. మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా రెడీ టు యూజే. ఒక లీటరు పట్టే బండికి ఈ కలపడాల టెన్షన్ ఎందుకు?

టెక్నాలజీ ఏది? అంటే తుప్పు నిరోధకాలు ఏ రకానివి అని. ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్ రకం) లేదా హెచ్‌ఓఏటీ (రెండు రకాలూ కలిసిన హైబ్రిడ్) అని రాసి ఉంటే ఈ మధ్య వచ్చిన బండ్లలో చాలావాటికి సరిపోతుంది. పాత రకం ఐఏటీ (ఇనార్గానిక్) కూలెంట్ల బలం సాధారణంగా రెండేళ్లలో తగ్గిపోతుంది. ఓఏటీవి అంతకంటే ఎక్కువ కాలం పనిచేస్తాయి. అయినా మాన్యువల్ చెప్పిన గడువు దాటనివ్వకండి.

ప్రమాణం నంబర్ ఉందా? ఐఎస్ 5759 (మన దేశానిది), జేఐఎస్ కే 2234 (జపాన్‌ది), ఏఎస్‌టీఎం డీ 3306 (అమెరికాది) లాంటిది ఏదో ఒకటి ఉండాలి. "సూపర్ కూల్" అని పెద్దక్షరాలు ఉండి, గ్లైకాల్ అన్న మాటే ఎక్కడా లేకపోతే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నర్సంపేట, పరకాల లాంటి ఊళ్లలో కూలెంట్ ఎక్కువగా దొరికేది ట్రాక్టర్, లారీ స్పేర్ పార్టుల షాపుల్లో. హెవీ డ్యూటీ డీజిల్ ఇంజిన్ల కోసం చేసిన కొన్ని కూలెంట్లలో నైట్రైట్లు లాంటివి ఉంటాయి. అవి పెద్ద డీజిల్ ఇంజిన్ల లైనర్లను (సిలిండర్ లోపలి గొట్టాలను) కాపాడడానికి పెట్టినవి. మీ బండి అల్యూమినియం ఇంజిన్‌కు అవి తగినవి కావు. కారు కూలెంట్ వాడొచ్చా అంటే, మాన్యువల్ చెప్పిన రకంతో లేబుల్ సరిపోతే నిశ్చింతగా వాడొచ్చు. డబ్బా మీద బైక్ బొమ్మ ఉండడం ముఖ్యం కాదు.

ఎంత వేడెక్కినా మరగవని చెప్పి అమ్మే నీళ్లు లేని కూలెంట్లు కూడా ఉన్నాయి. రోజూ ఆఫీసుకు నడిపే బండికి వాటి అవసరం లేదు. లోపల ఉన్న నీటిని మొత్తం తీసేయకుండా అవి పోస్తే ఉపయోగమూ ఉండదు.

3. ఇంటికి తెచ్చాక కాటా మీద పెట్టండి

ఒక ఖాళీ సీసా మీద గీత పెట్టండి. ఆ గీత వరకు డిస్టిల్డ్ వాటర్ పోసి తూకం వేయండి, సీసా బరువు తీసేయండి. సరిగ్గా 500 గ్రాములు వచ్చేలా గీతను సర్దుకోండి. నీళ్లు ఒంపేసి, సీసా ఆరాక అదే గీత వరకు రెడీ టు యూజ్ కూలెంట్ పోసి మళ్లీ తూయండి. ఇథిలీన్ గ్లైకాల్ సగం ఉన్నదైతే సుమారు 535 గ్రాములు తూగుతుంది. మూడో వంతు ఉన్నదైతే 523 దరిదాపుల్లో ఉంటుంది. 500, 502 దగ్గరే ఆగిందంటే మీరు కొన్నది రంగు నీళ్లే, షాపాయనకు తిరిగి ఇచ్చేయండి.

బరువు ఉన్నంత మాత్రాన మంచిదని కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ఇంకో రకం అయితే కాస్త తక్కువ తూగుతుంది, ఇంకేదైనా కలిపినా బరువు పెరగొచ్చు. ఈ పరీక్ష నకిలీని పట్టుకోవడానికే, మంచిదని సర్టిఫికెట్ ఇవ్వడానికి కాదు. మీకు తెలిసిన గ్యారేజీలో రిఫ్రాక్టోమీటర్ (గ్లైకాల్ ఎంత శాతం ఉందో చూపే పరికరం) ఉంటే ఒక చుక్క వేసి చూపించుకోండి. తూకానికి వాడిన సీసాను పని కాగానే పారేయండి.

4. నీళ్లు కలపాల్సి వస్తే

డిస్టిల్డ్ లేదా డీఎం వాటర్ మాత్రమే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వేడికి పొరలా పేరుకుంటాయి, క్లోరైడ్లు అల్యూమినియాన్ని తింటాయి. క్యాన్లలో వచ్చే ఆర్‌ఓ నీళ్లలో కూడా లవణాలు కొన్ని మిగిలే ఉంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడుతున్నామని కొందరు చెప్తుంటారు. వాటితో పాటు కాయిల్ మీది దుమ్ము, మురికి వస్తాయి. వద్దు.

"మన దగ్గర మంచు పడదు కదా, గ్లైకాల్ ఎందుకు, ఎక్కువ నీళ్లే పోద్దాం" అని అడుగుతారు. ఆదిలాబాద్ చలిలో కూడా నీళ్లు గడ్డకట్టవు, నిజమే. కానీ తుప్పు నిరోధకాలు వచ్చేది ఆ కాన్సెంట్రేట్‌తోనే. దాన్ని పలచన చేస్తే అవీ పలచనవుతాయి. పైగా నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. 50:50 మిశ్రమం సుమారు 107 డిగ్రీలకు మరుగుతుంది, రేడియేటర్ మూత నిలబెట్టే ప్రెషర్‌తో అది 125 డిగ్రీలు దాటుతుంది. రామగుండం ఎండలో నడిపేవాళ్లకు ఈ తేడా ముఖ్యం.

అలాగని కాన్సెంట్రేట్ ఎక్కువ పోస్తే మేలని కూడా అనుకోవద్దు. వేడిని మోసుకెళ్లడంలో నీళ్లే గొప్పవి, గ్లైకాల్ కాదు. 60 శాతం దాటితే ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. మొత్తం ఉత్త కాన్సెంట్రేట్‌తోనే అసలు నింపకూడదు.

హిమాలయన్ వేసుకుని లద్దాఖ్ వెళ్లేవాళ్లు 50:50 తగ్గించకండి. ఆ మిశ్రమం మైనస్ 35 డిగ్రీల వరకు గడ్డకట్టదు.

5. పాతది ఏదో తెలుసా? తెలియదా?

పాత కూలెంట్ పేరు, రకం తెలిసి, అదే డబ్బా మీ దగ్గర ఉంటే రిజర్వాయర్‌లో కలిపి లెవెల్ సరిచేస్తే సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి అయినా, ఇంతకుముందు ఎవరు ఏం పోశారో తెలియకపోయినా ఊహించకండి. మొత్తం ఖాళీ చేసి, కడిగి, కొత్తది నింపండి. పడని రెండు రకాలు కలిస్తే తుప్పు నిరోధకాలు విరిగి, జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్న దారులను మూసేసే ప్రమాదం ఉంది.

6. ఖాళీ చేయడం

బండిని నిటారుగా నిలబెట్టండి. వాటర్ పంప్ కవర్ కింద డ్రెయిన్ బోల్టు ఉంటుంది, ఎక్కడో మాన్యువల్ బొమ్మలో చూసుకోండి. పక్కనే ఆయిల్ డ్రెయిన్ బోల్టు ఉంటుంది, అది విప్పకండి. టబ్బు పెట్టి బోల్టు తీయండి. ముందు సన్నగా కారుతుంది. రేడియేటర్ మూత తీయగానే ఒక్కసారిగా దూకుతుంది, టబ్బును కొంచెం దూరం జరిపి ఉంచండి. రిజర్వాయర్‌లోది కూడా ఖాళీ చేయండి. కొత్తది పోసి, రిజర్వాయర్‌లో పాతది వదిలేసేవాళ్లు మస్తుమంది ఉన్నారు.

బయటికి వచ్చినదాన్ని గమనించండి. రంగు వెలిసినా స్వచ్ఛంగా ఉంటే మంచిదే. మట్టి రంగు, రేణువులు, జిగురు కనిపిస్తే కడగడం ఎక్కువసార్లు చేయాలి. నూనె తేలుతుంటే ఆపి మెకానిక్‌కు చూపించండి.

7. కడగడం

బోల్టు బిగించి డిస్టిల్డ్ వాటర్ నింపండి, మూత పెట్టి ఇంజిన్ నడపండి. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వ్) తెరుచుకుని రేడియేటర్ పైప్ వేడెక్కేవరకు ఆగండి. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక ఖాళీ చేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలా రెండు మూడుసార్లు. ఓపిక పడితే ఒక పూట పడుతుంది. రేడియేటర్ క్లీనర్ ద్రవాలు, సోడా, వెనిగర్ లాంటివి వాడకండి.

ఎంత ఒంపినా ఇంజిన్ లోపల కొంత నీరు మిగులుతుంది. లీటరు పట్టే బండిలో ఆ కాస్త నీరు కూడా కొత్త కూలెంట్‌ను పలచన చేస్తుంది. దీనికి నేను చేసేది: రెండు వందల మిల్లీలీటర్ల కొత్త కూలెంట్ పోసి, బోల్టు దగ్గర వదిలేసి, ఆ తర్వాతే నింపుతాను. కాన్సెంట్రేట్ వాడేవాళ్లు మాన్యువల్ చెప్పిన మొత్తంలో సగం ముందు ఉత్త కాన్సెంట్రేట్‌గా కొలిచి పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపొచ్చు.

8. నింపడం, గాలి తీయడం

కొత్త వాషర్ వేసి బోల్టు బిగించండి. అల్యూమినియం మరలు మెత్తన, బలంగా లాగితే తెగిపోతాయి. చిన్న పానాతో, మణికట్టు బలంతో చాలు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) ఉంటే మాన్యువల్ లెక్క ప్రకారం.

గరాటుతో సన్నగా పోయండి. మధ్యమధ్య రబ్బరు పైపులను చేత్తో నొక్కండి, బండిని మెల్లగా ఇటూ అటూ ఊపండి. గుడగుడమని బుడగలు పైకి వస్తాయి, లెవెల్ దిగుతుంది, మళ్లీ పోయండి. మూత తీసే ఉంచి రెండు మూడు నిమిషాలు ఐడ్లింగ్‌లో నడపండి, థ్రాటిల్ కొద్దికొద్దిగా తిప్పండి, ముఖం మాత్రం దూరంగా పెట్టుకోండి. బుడగలు ఆగాక మూతి దాకా నింపి మూత బిగించండి. కొన్ని బండ్లకు గాలి తీయడానికి ప్రత్యేకంగా బ్లీడ్ స్క్రూ ఉంటుంది, వాటికి మాన్యువల్ పద్ధతే పాటించండి. రిజర్వాయర్‌లో 'లో', 'ఫుల్' మధ్య ఉంటే చాలు.

మూత పెట్టేముందు దాని రబ్బరు చూడండి. పగిలినా, గట్టిపడినా మూత మార్చండి. ఎంత మంచి కూలెంట్ పోసినా మూత ప్రెషర్ నిలపకపోతే త్వరగా మరుగుతుంది.

సీటు కింద ఒక స్టిక్కర్ మీద కూలెంట్ పేరు, రకం, పోసిన తేదీ రాసి అంటించండి. మళ్లీ మార్చేటప్పుడు మీకే ఉపయోగపడుతుంది.

దారి మధ్యలో తగ్గితే

ములుగు దాటి అడవిలో ఉన్నారు, చుట్టుపక్కల షాపు లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, దొరికితే డిస్టిల్డ్, లేకపోతే తాగే నీళ్లు పోసి ఇంటికి చేరండి. అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, ఇంటికి వచ్చాక దాన్ని అలాగే వదిలేయడంలో. ఆ వారంలోనే ఖాళీ చేసి కడగండి. వేడి మీదున్న ఇంజిన్ పైన చల్లటి నీళ్లు గుమ్మరించకండి.

నేను తరచూ చూసే పొరపాట్లు

సైడ్ స్టాండ్ మీద లెవెల్ చూడడం. బండి ఒరిగి ఉంటే గీత అబద్ధం చెప్తుంది.

ఫ్యాన్ తిరిగితే కూలెంట్ పాడైందని అనుకోవడం. మేడారం జాతర రోజుల్లో పస్రా దాటాక బండ్లు అడుగు తీసి అడుగు వేస్తుంటాయి. గాలి తగలదు కాబట్టి అక్కడ ఏ బండికైనా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అది దాని పని. ఖాళీ రోడ్డు మీద 60లో పోతున్నప్పుడు కూడా గీతలు పైకి లేస్తుంటేనే అనుమానించాలి.

రేడియేటర్ బయటి వైపు చూడకుండా కూలెంట్ మార్చేయడం. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బండ్ల రేడియేటర్ రెక్కల్లో బొగ్గు దుమ్ము, కోతల కాలంలో ఊళ్ల బండ్లకు వరి పొట్టు, బురద ఇరుక్కుంటాయి. వెనక నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి, మెత్తటి బ్రష్‌తో తీయండి. వాషింగ్ సెంటర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. చాలాసార్లు ఈ ఒక్క పనితోనే వేడి తగ్గుతుంది.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

పని అయిన రోజు పదిహేను ఇరవై నిమిషాలు నడపండి. ఫ్యాన్ తనంతట తాను తిరగాలి, కాసేపటికి ఆగాలి. మరుసటి రోజు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి చూడండి. మూతి దాకా ఉండాలి. లోపల మిగిలిన గాలి బయటికి వచ్చి కొంచెం తగ్గడం మామూలే, నింపండి. రెండో రోజు కూడా తగ్గితే గాలి ఇంకా ఉంది, లేదా ఎక్కడో కారుతోంది.

రాత్రి బండి కింద పాత పేపర్ పరచండి. పొద్దున రంగు చుక్కలు కనిపిస్తే అవి దేని కింద పడ్డాయో చూడండి: డ్రెయిన్ బోల్టా, పైపు క్లిప్పా, వాటర్ పంప్ కింది రంధ్రమా. పంప్ రంధ్రం నుంచి కారితే సీల్ మార్చాలి, బోల్టు ఇంకా బిగిస్తే ఆగదు.

రెండు వారాల పాటు రిజర్వాయర్ మీద కన్నేసి ఉంచండి. వేడికి లెవెల్ కొంచెం పెరిగి, చల్లారాక మళ్లీ దిగాలి. బయట చుక్క కారకుండా లెవెల్ పడిపోతూ ఉంటే ఆయిల్ చూసే అద్దం వైపు ఒకసారి వంగి చూడండి. ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులోకి మారినా, వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తున్నా కూలెంట్ ఇంజిన్ లోపలికి పోతోందని అర్థం. అప్పుడు ఏ డబ్బా మార్చినా లాభం లేదు. బండి స్టార్ట్ చేయకుండా ట్రాలీ ఆటోలో ఎక్కించి, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ తలకు, సిలిండర్‌కు మధ్య ఉండే సీల్) విప్పి చూడగల మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.